గాజు గొట్టంలో నూతి నీళ్ళు

నేను చదివింది ఐదో తరగతి, అదీ సగం. ముందే చెప్పేస్తున్నాను, తరవాత ఎవరూ తప్పులు వెతికి నవ్వకుండా. నవ్వుల గురించే ఈ రాత. నేను రిటైరయిన రోజు మా కాలేజీలో శాలువా కప్పేరు, దండ వేసేరు. ఆ మీద మా ఫిజిక్సు హెడ్డు సారు, ఇప్పుడాయన ప్రిన్సిపాలు, మైకు పట్టుకుని ‘మన అటెండరమ్మ సముద్రం నీళ్ళ కథ’ చెప్పేరు. హాలంతా పడి పడి నవ్వింది. నేనూ నవ్వుతానని అందరూ నా మొహం కేసి చూసేరు. నేను నవ్వలేదు. ఆ కథలోంచి ఒక మనిషిని ఆయన ఎత్తి అవతల పారేసేరు. ఆ మనిషి లేకపోతే అది నవ్వులాటే. ఉంటే కాదు. అందుకని, ఇప్పుడు ల్యాబుల్లో పనికి కుదురుతున్న పిల్లలకీ, చదువు చెప్పడానికి వస్తున్న పిల్లలకీ ఉన్నదున్నట్టు రాస్తున్నాను. చదివి ఊరుకోకండి.

మాది బారువ వైపు. పెళ్ళికి ముందు పలాసలో జీడిపప్పు బట్టీలో గింజలు కొట్టేను. పెళ్ళయి టెక్కలి వచ్చేక కాలేజీలో ఊడ్చే పనికి కుదిరేను. ఊడ్చిన చేతికి కొన్నాళ్ళకి గాజు సామాన్లు కడిగే పని వచ్చింది, ఇంకొన్నాళ్ళకి ఫిజిక్సు ల్యాబు తాళాలు వచ్చేయి. ఏ వస్తువు ఏ బీరువాలో ఏ అరలో ఉందో సార్లకి తెలీదు, నాకు తెలుసు. పారేయడం నాకు చేతకాదు. బీకరు మూతి విరిగితే అందులో పెన్సిళ్ళు. పాత బనీను కటకాలు తుడవడానికి. రబ్బరు ట్యూబు చివర పగిలితే ఆ చివర అంగుళం కోసేసి మళ్ళీ అదే ట్యూబు. సార్లు మారేరు, మేడమ్‌లు మారేరు, నా రబ్బరు ట్యూబులు మారలేదు. ఆ మాట గొప్పగా చెప్పుకునేదాన్ని. అది ఎంత గొప్పో మీకే తెలుస్తుంది.

ఒక ఏడు కాంట్రాక్టు మీద ఒక మేడమ్ వచ్చింది. విజయనగరం వైపు పిల్ల, బక్కపల్చగా ఉండేది, మాట మాత్రం తిన్నగా ఉండేది. వచ్చిన నెలకే స్టోరు గదిలో మూల పడేసిన గాలి లాగే పంపు బయటికి తీయించింది. దాని నూనె మార్చింది. రెండు చివర్లా లోహపు ముక్కలు బిగించిన ఒక గాజు గొట్టం తెప్పించింది. ఆ గొట్టానికి ఒక పక్క పంపు, ఇంకో పక్క నీళ్ళ ఫ్లాస్కు, రెండు కొసలకీ కరెంటు జోరు పెంచే కాయిలు, దానికో మీట. మధ్యలో కలిపినవన్నీ నా రబ్బరు ట్యూబులే.

"ఏటి మేడమ్ ఇది?" అన్నాను.

"నీళ్ళని పగలగొడతాం అమ్మా."

"నీల్లని పగలగొట్టడమేటి, అదేటి కుండేటి?"

ఆవిడకి నేను బట్టీలో పనిచేసినట్టు తెలుసు. "జీడిగింజ మీద మెల్లగా కొడితే ఏమవుతుందమ్మా?" అని అడిగింది.

"ఏటవుద్ది, జారిపోద్ది. దెబ్బ సాలదు."

"తగినంత కొడితే?"

"రెండు సెక్కలవుద్ది. డొక్కలోంచి జీడి రసం సిమ్ముద్ది. సేతిమీద పడిందా, బొబ్బే."

"ఇదీ అంతే," అంది. గొట్టంలో ఈ కొసనుంచి ఆ కొసకి ఎలక్ట్రాన్లు పరిగెడతాయట. కంటికి కనపడనంత చిన్నవి. దారిలో నీటి అణువు అడ్డం ఉంటుంది. మెల్లగా వచ్చిన ఎలక్ట్రాన్ దానికి తగిలి పక్కకి పోతుంది, ఏమీ కాదు. జోరుగా వచ్చింది తగిలితే అణువు పగులుతుంది. ఒక ముక్క హైడ్రోజన్. రెండో ముక్క, ఇంకో హైడ్రోజన్ని వదలకుండా పట్టుకున్న ఆక్సిజన్. మరీ జోరుగా తగిలితే పగిలిన ముక్కలు ఊరుకోవు. ఆ దెబ్బలో కొంత లోపల దాచుకుంటాయి, దాచుకోలేక బయటికి విసిరేస్తాయి. విసిరింది వెలుగై వస్తుంది.

"దెబ్బ తిన్నోల్లు అరిసినట్టు," అన్నాను.

"అలాగే అనుకోండి. కానీ ఏ ముక్క అరుపు దానిదే. అరుపు వింటే ఏ ముక్కో చెప్పొచ్చు."

మొదటిసారి వెలిగించినప్పుడు నేనూ, ఆవిడా, చదువుకునే ముగ్గురు ఆడపిల్లలూ ఉన్నాం. పంపు గాలి లాగుతుంటే ఫ్లాస్కులో నీళ్ళు మరిగేయి. నిప్పు లేదు. చెయ్యి పెట్టి చూస్తే ఫ్లాస్కు చల్లగా ఉంది. పెళ్ళయిన నాటినుంచి పొయ్యి ముందు కూచున్నదాన్ని, నిప్పు లేకుండా నీళ్ళు మరగడం అక్కడే చూసేను. మేడమ్ కాయిలు మీట నొక్కింది. గొట్టం నిండా గులాబీ రంగు నిలబడింది. సన్న గీతల గాజుపలకలోంచి చూడమంది. చూస్తే ఆ ఒక్క రంగూ విడిపోయి ఒక ఎర్ర గీత, ఒక నీలాకుపచ్చ గీత, ఆ పక్కన ఆనీ ఆననట్టు ఊదా గీత. ఆ గీతలు హైడ్రోజన్‌వట. రెండో ముక్క వెలుగు మన కంటికి ఆనదంది. ఉంది, మనకే ఆనదు.

అప్పుడే ఇంకో మాట కూడా చెప్పింది. "ఉప్పూ మట్టీ మందూ ఏమున్నా ఫ్లాస్కులోనే ఉండిపోతాయమ్మా. ఆవిరొక్కటే గొట్టంలోకి వస్తుంది. మీరు ఏ నీళ్ళు పోసినా ఇదే వెలుగు." విన్నాను. బాగా విన్నాను. మరిచిపోయేనని చెప్పి తప్పించుకోను.

ఆ ముగ్గురిలో ఒక పిల్ల ఫోనులో వీడియో తీసింది. పిల్ల తప్పు లేదు, ముచ్చటపడి తీసింది. ‘మా కాలేజీలో నీళ్ళని పగలగొట్టి వెలుగు చూశాం’ అని పెట్టింది. అది ఒకరినుంచి ఒకరికి పోయి పోయి ఉద్దానం చేరేసరికి ‘నీళ్ళని పగలగొట్టి అందులో ఏముందో చెప్పే యంత్రం’ అయి కూచుంది.

ఉద్దానం సంగతి తెలీని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. అక్కడ ఊరూరా కిడ్నీ జబ్బు. నీళ్ళంటారు, నేలంటారు, ఎండంటారు, మందులంటారు. ఇదీ అని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఎవరో ఒకరు కారు దిగి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్తారు, చేతులు గుచ్చి రక్తం పట్టుకెళ్తారు. ఏం తేలిందో చెప్పడానికి ఆ గుమ్మంలోకి మళ్ళీ ఎవరొచ్చేరు? అలాంటి చోట, నిలబడ్డ చోటే వెలుగు చూపించి జవాబు చెప్పే యంత్రం ఉందంటే జనం రారా? వచ్చేరు. కూల్‌డ్రింకు సీసాల్లో, మందు సీసాల్లో, ఒకావిడయితే పాల క్యానులో నీళ్ళు పట్టుకుని బస్సులెక్కి వచ్చేసేరు. వాళ్ళని నేను ఒక్క మాట అనను.

మేడమ్ గేటు దగ్గరే నిలబడి దండం పెట్టి చెప్పింది. "దీంతో జబ్బు తెలీదండీ. ఇది పిల్లల చదువు కోసం." కొందరు తిరిగి వెళ్ళిపోయేరు. హెడ్డు సారు మేడమ్‌ని ల్యాబులోకి పిలిచేరు. ఆయన భూములున్న ఇంటి మనిషి, అన్నగారు రాజకీయాల్లో ఉండేవారు, మాట అరిచి చెప్పడం అలవాటు లేదు. మెత్తగానే చెప్తారు.

"జనం వాళ్ళంతట వాళ్ళు వస్తుంటే వెనక్కి పంపుతావేంటమ్మా? అడ్మిషన్ల రోజులు."

"సార్, ఏ నీళ్ళు పోసినా పింకే వస్తుంది. మనం ఏం చెప్తాం?"

"బాగున్నాయని చెప్తాం. సంతోషంగా వెళ్తారు. మంచి మాట చెప్తే నష్టం ఏముంది?"

"అది అబద్ధం కదా సార్."

"నువ్వు లేకపోయినా జరుగుతుందిలే," అని నా వైపు తిరిగేరు. "నువ్వు నడపగలవు కదూ?"

నడపగలను. పంపు ఎప్పుడు వెయ్యాలో, ఫ్లాస్కు మూత ఎంత తిప్పాలో, కాయిలు ఎప్పుడు నొక్కాలో నాకు ఆయన కంటే బాగా తెలుసు. "నడుపుతాను సారూ," అన్నాను. మేడమ్ నా వైపు ఒకసారి చూసి బయటికి వెళ్ళిపోయింది. ఉద్యోగం పోతుందని భయపడి ఒప్పుకున్నానని రాస్తే మీరు నమ్ముతారు. కానీ నాది పర్మినెంటు పని, నన్నెవరూ తీసేయలేరు. అసలు కారణం వేరు. అన్నేళ్ళూ కడిగిన చేతితో ఒక రోజు వెలిగిద్దామనిపించింది. అంతే.

నీళ్ళ రోజు అని ఒక శనివారం పెట్టేరు. గేటుకి బ్యానరు కట్టేరు. ల్యాబు నుంచి మెట్ల కిందిదాకా వరస. నేను నీళ్ళు పోస్తాను, పంపు వేస్తాను, కాయిలు నొక్కుతాను. గులాబీ రంగు వస్తుంది. హెడ్డు సారు కళ్ళజోడు సర్దుకుని "మంచి నీళ్ళు" అంటారు. వాళ్ళు ఆయనకి దండం పెట్టి, వెళ్తూ వెళ్తూ నాకూ పెడతారు. ఒక ముసలాయన నన్ను ‘మేడమ్ గారూ’ అన్నాడు. నేను వద్దనలేదు.

మధ్యాహ్నం అయింది. ఒక ఆడమనిషి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. నేత చీర, చేతిలో మూత గట్టిగా బిగించిన సీసా. "మా జీడితోటలో నూతి నీల్లప్పా," అంది నాతో, అక్కని పిలిచినట్టు. "వీదంతా ఇయ్యే తాగుతాం. మా ఆయన్ని వారానికి రెండుసార్లు పలాస తీసుకెల్తన్నాను, మిసను మీద రక్తం సుద్ది సేత్తారు. ఓపాలి సూడు."

నీళ్ళు పోసేను. పంపు వేసేను. కాయిలు నొక్కేను. గులాబీ రాలేదు. ఊదా రంగు, మురికిగా, వణుకుతూ వచ్చింది.

హెడ్డు సారు ముందుకి వంగేరు. పొద్దుట్నుంచి ఒకే మాట అని అని ఆయనకీ విసుగెత్తి ఉంటుంది. "ఈ నీళ్ళల్లో దోషం ఉందమ్మా," అన్నారు. "ఇవి తాగకండి."

ఆవిడ అరవలేదు, ఏడవలేదు. "ఎన్నాల్ల బట్టి ఉందంటారు బాబూ?" అని అడిగింది.

సారు చేత్తో పక్కకి జరగమన్నారు. వెనక వరసలో ఇద్దరు ముగ్గురు ఫోనులు పైకెత్తి ఆ ఊదా రంగుని తీసుకుంటున్నారు. వాళ్ళలో ఆవిడ వీధి మనిషే ఒకాయన ఉన్నాడు.

అప్పుడు నాకు వినపడింది. సన్నగా, పాము బుసలాగ. ఫ్లాస్కు మూతి దగ్గర నా పాత రబ్బరు ట్యూబు చివర చీలింది. బయటి గాలి లోపలికి పోతోంది. ఆ రంగు గాలిది. నీళ్ళది కాదు, నూతిది కాదు, ఆవిడది కాదు. వేలితో నొక్కేను, బుస ఆగింది. అంగుళం కోసేసి మళ్ళీ తొడిగేను. తరవాతి సీసాకి గులాబీ రంగు వచ్చింది. తల ఎత్తేసరికి ఆవిడ మెట్లు దిగిపోతోంది. పిలవాలి. పిలవలేదు. జనం తోసుకుంటున్నారు, సారు పక్కన ఉన్నారు, తరవాత చెప్దాం అనుకున్నాను.

పిల్లలూ, ఈ ‘తరవాత’ అనే మాట మీద నాకున్న కోపం ఇంకెవరి మీదా లేదు. ఆ హెడ్డు సారు మీద కూడా లేదు.

జనం వెళ్ళిపోయేక సారుకి చెప్పేను. ట్యూబు చూపించేను. చేత్తో ముట్టుకోలేదాయన. "ఒక్క నూయే కదా," అన్నారు. "అన్నీ బాగున్నాయంటే ఎవడూ నమ్మడు. ఒకటి పోయింది కాబట్టి మిగతా వాటికి నమ్మకం." తాళం తీసుకుని వెళ్ళిపోయేరు.

మేడమ్‌కి చెప్పేను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. తెల్ల కాయితం తీసి అప్పటి ప్రిన్సిపాలు గారికి జరిగింది రాసింది. నన్నూ సంతకం పెట్టమంది. పెట్టేను. ఆ కాయితం ఏమైందో నాకు తెలీదు. వేసవి సెలవుల తరవాత ఆవిడ కాంట్రాక్టు మాత్రం రాలేదు. స్టాఫు గదిలో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు.

నీళ్ళ రోజు అయిన పది రోజులకి, పేర్లు రాసుకున్న పుస్తకంలో చూసుకుని, నేను ఆ నూతి నీళ్ళావిడ ఊరు వెళ్ళేను. పలాస దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. జీడితోటలు, కొబ్బరితోటలు, ఇసక దారి. నూయి వెతుక్కోవలసిన పని లేకపోయింది. దాని మీద ముళ్ళకంప వేసేరు. ఆ వీధిలో ఎవరింట పెళ్ళయినా పసుపు కొట్టే రోజు మొదటి బిందె ఆ నూతిలోంచే తోడతారట, అత్తగారి అత్తగారి కాలం నుంచీ. ఆ వారంలోనే ఒక పెళ్ళయింది. బిందె పట్టుకుని ఆడవాళ్ళు ఆవిడ గుమ్మం ముందునుంచే వెళ్ళి, పక్క వీధి కుళాయిలో పట్టుకున్నారు. మేళం కూడా ఉంది. ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

ఇదంతా ఆవిడ చెప్పలేదు. ఎదురింటి అరుగు మీద కూచున్నాయన చెప్పేడు. ఫోనులో ఊదా రంగు తీసిన మనిషే.

"మా అన్న కొడుకు పోనాడు. పుట్టిన కాడ్నించి ఆ నీల్లే తాగినాడు. మరి ఇదేటి?"

"తప్పు నీల్లది కాదు బాబూ. మా ట్యూబు సీలిపోనాది. గాలి సొచ్చీసింది. నా కల్లారా సూసినాను."

"నువ్వెవులవు?"

"అటెండర్ని."

"పెద్ద సదువు సదివిన సారు సెప్పింది అబద్దం, ల్యాబు తుడిసినావిడ సెప్పింది నిజమా?" అని అరుగు మీద ఉన్నవాళ్ళ వైపు తిరిగి నవ్వేడు. వాళ్ళూ నవ్వేరు. ఆ రోజు కోపంతో చెవులు మండిపోయేయి. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆయన మాటలో తప్పేముంది? శనివారం నాడు అదే సారు పక్కన అదే కాయిలు నొక్కింది నేనే. అప్పుడు నమ్మమన్నది నేనే, ఇప్పుడు నమ్మవద్దన్నదీ నేనే.

మాటల్తో అయ్యే పని కాదని తేలింది. అడ్మిషన్లు బాగా వచ్చేయని హెడ్డు సారు రెండో నీళ్ళ రోజు పెట్టేరు. నేను మళ్ళీ ఆ ఊరు వెళ్ళి అరుగాయనతో, "ఆ నీల్లు మల్లీ తెచ్చి నీ కల్లతో సూసుకో. అప్పుడు నన్ను ఏటయినా అను," అన్నాను. ఆవిడనీ రమ్మన్నాను. ఆవిడ రానంది. "ఇంకోపాలి అందరి ముందు ఇనలేనప్పా." బతిమాలేను. నేను బతిమాలడం మా ఇంట్లో ఎవరూ చూసి ఉండరు.

ఆ రోజు పొద్దున్నే భావనపాడు వెళ్ళేను. తీరంలో వలలు ఆరేసి ఉన్నాయి. ఎండుచేపలు పరుస్తున్న ఒకావిడ నేను కెరటంలో సీసా ముంచడం చూసింది.

"ఏటప్పా, సముద్రం నీల్లు పట్టుకెల్తన్నావు? ఇంట్లో ఉప్పు నిండుకున్నాదేటి?"

"ఒక పెద్దమనిసి సేత తాగించాల."

"మా ఆయనకీ ఓ సీసా పట్టు మరి," అంది.

ల్యాబుకొచ్చి బీరువాలో దాచిపెట్టిన కొత్త రబ్బరు ట్యూబు చుట్ట విప్పేను. ఎన్నాళ్ళగానో వాడకుండా దాచింది. పొడుగ్గా కోసేను. పాత ముక్కలన్నీ చెత్తబుట్టలో పడేసేను.

జనం నిండేరు. ముందు ఆవిడ నూతి నీళ్ళే పోసేను. ఆవిడ మూల నిలబడింది, అరుగాయన ముందుకొచ్చి నిలబడ్డాడు. కాయిలు నొక్కేను. గులాబీ రంగు, మిగతా అందరి నీళ్ళలాగే. "బాగున్నాయి," అన్నారు సారు, అది ఏ నూతిదో ఆయనకి గుర్తు లేదు. అరుగాయన నా వైపు చూసేడు.

రెండోది సముద్రం సీసా. పంపు వేసేను. నీళ్ళు చల్లగా మరిగేయి. కాయిలు నొక్కేను. అదే గులాబీ.

"చాలా మంచి నీళ్ళు," అన్నారు సారు. "ఎవరివమ్మా ఇవి?"

"భావనపాడువి సారూ."

"అక్కడ నూతులు అంత బాగుంటాయా?"

"నూతివి కావు సారూ. సముద్రంవి."

సీసాలో మిగిలిన నీళ్ళు గాజు గ్లాసులో పోసి ఆయన ముందు బల్ల మీద పెట్టేను. "తాగండి," అన్నాను. "మీరే బాగున్నాయన్నారు."

సారు గ్లాసు కేసి చూసేరు, నా కేసి చూసేరు. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. అరుగాయన చెయ్యి చాపి గ్లాసు అందుకుని ఒక గుక్క నోట్లో పోసుకుని, సింకులో ఉమ్మేసేడు. అప్పుడు స్టాఫూ పిల్లలూ నవ్వేరు. సారు కూడా నవ్వుతూ, "మన అటెండరమ్మ గడుసుది," అని, ఫోనొచ్చినట్టు బయటికి వెళ్ళిపోయేరు. జనం ఎవరి సీసా వాళ్ళు సింకులో ఒంపేసుకుని వెళ్ళిపోయేరు. వాళ్ళకి నవ్వు రాలేదు. అంత దూరం బస్సులో మోసుకొచ్చిన నీళ్ళు, అంత దూరం మోసుకొచ్చిన ఆశ. మూల నిలబడ్డ ఆవిడ మాత్రం నన్ను చూసి చిన్నగా తలూపింది.

మైకులో చెప్పిన కథ ఇక్కడితో సరి. సారు దాన్ని తన మీద తానే జోకు వేసుకున్నట్టు చెప్తారు, ఎంత పెద్ద మనసో అని జనం చప్పట్లు కొడతారు. ఆ నూయి, ఆ ఆడమనిషి, ఆ కాంట్రాక్టు మేడమ్, ఎవరూ అందులో ఉండరు. ఆయన పోగొట్టుకున్నది ఏమీ లేదు కాబట్టి ఆయనకది జోకు.

రెండు వారాలాగి నేను ఆ ఊరు వెళ్ళేను. నిజం చెప్పాలంటే గర్వంగానే వెళ్ళేను. కంప తీసేసి ఉంటారు, ఆడవాళ్ళు బిందెలతో ఉంటారు అనుకున్నాను. కంప అలాగే ఉంది. ఎండి ఇంకా బిగుసుకుంది. అరుగాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు, కూచోమన్నాడు. ఈసారి మర్యాద చేసేడు.

"నువ్వు సెప్పిందే నిజమప్పా. ఆ యంత్రానికేటీ తెలీదు. సముద్రాన్ని మంచిదనీసింది."

"మరి కంప తియ్యలేదేటి?"

"ఏల తియ్యాల? అది సెడ్డదన్నా అబద్దమే, మంచిదన్నా అబద్దమే. అలాగని ఈ నూయి మంచిదని ఎవులు సెప్పినారు? నువ్వు సెప్పగలవా?"

చదువుకున్న మీ దగ్గర దీనికి జవాబు ఉంటే చెప్పండి. ఆ రంగు నూతిది కాదని నిరూపించగలిగేను. నూయి మంచిదని నిరూపించడం నా వల్ల కాదు. ఒకసారి నోటితో అనేసిన మాటని గొట్టంలో పెట్టి ఎన్నిసార్లు వెలిగించినా వెనక్కి రాదు. ఆ శనివారం ముందు వరకూ అది ఒట్టి నూయి. ఎవరికీ అనుమానం లేదు, ఎవరికీ రుజువు అక్కర్లేదు. అనుమానం మేము పోసేం. నేను పోసేను.

ఆవిడ ఇంటికి వెళ్ళేను. మంచం మీద భర్త పడుకుని ఉన్నాడు, పలాస నుంచి ఆ పొద్దే వచ్చేరట, కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆవిడ పీట వేసింది. స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. తలుపు వెనక కొనుక్కున్న నీళ్ళ నీలం క్యాను కనపడింది.

"ఈ నీల్లు ఒద్దమ్మీ," అన్నాను. "మీ నూతి నీల్లు తోడు. నాను తాగుతాను, అందరూ సూడగా తాగుతాను."

ఆవిడ గ్లాసు నా పక్కన నేల మీద పెట్టింది.

"ఒద్దప్పా," అంది. "ఆయనకి మానిపించీసినాను. పిల్లలకి మానిపించీసినాను. నానే తాగడం నేదు, నీకెలాగ ఇత్తాను?"

"సూసినావు కదే, మీ నీల్లూ అందరి నీల్లలాగే ఎలిగినాయి."

"సూసినాను. ఆ ఊదా రంగు కూడా సూసినాను కదా."

నేను లేచి, "నాకు తాడూ సేదా ఇయ్యి, నానే తోడుకుంటాను," అన్నాను. కోపంగానే అన్నాను, ఎవరి మీద కోపమో ఆవిడకి తెలీదు. ఆవిడ పెరటి వైపు చెయ్యి చూపించింది. రెండు కొబ్బరిచెట్ల మధ్య నూతి తాడు బిగించి కట్టి ఉంది. దాని మీద ఆయన లుంగీలు, పిల్లల బట్టలు ఆరుతున్నాయి.